మామ్మ ప్రశ్నలు

ఇప్పుడు స్నేహితులెవరూ తలుపు తట్టి రావడం లేదు. ఎవరింట్లో వాళ్లు ఉండే వెలుగుబొమ్మలై, తమకు నచ్చిన వయసు ముఖం పెట్టుకుని నేరుగా గదిలోకే దిగుతున్నారు. తణుకులో మేదిని ఇంట్లో మాత్రం ఎవరు దిగినా ముందు హాల్లో మామ్మ ఎదుట కూర్చోవాలి. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఆవిడ ఊరూ పేరూ, అమ్మానాన్నలూ, పొద్దున తిన్న టిఫినూ అన్నీ అడుగుతుంది. మేదినికి తల కొట్టేసినట్టుండేది.

నెల్లాళ్లుగా మెసేజీల్లో ఆమె గీసిన బొమ్మల్ని తెగ మెచ్చుకుంటున్న నిహాంత్ మాత్రం హాల్లోకి రానన్నాడు. తనకు పదహారేళ్లట.

"నీ గదిలోనే కలుద్దాం. మీ మామ్మకి చెప్పకు, మన స్నేహం వాళ్లకి అర్థం కాదు. నాకోసం ఒక్క ఫొటో పంపవా?" అన్నాడు.

మేదిని ఆలోచనలో పడింది. తన స్నేహితులంతా మామ్మ ప్రశ్నలకు విసుక్కున్నవాళ్లే. తప్పించుకోవాలని చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

అతను గదిలో దిగగానే, "మామ్మా, ఒకబ్బాయి వచ్చాడు!" అంటూ అతని వెలుగుబొమ్మను హాల్లోకి పంపేసింది.

"రా నాయనా, కూర్చో. ఏ ఊరు మీది? మీ అమ్మని కూడా పిలు, మాట్లాడతాను."

బొమ్మ నోరు తెరిచింది, వణికింది, మాయమైపోయింది.

మేదినికి ఏడుపొచ్చింది. అతనన్న మాటలన్నీ చెప్పేసింది. మామ్మ తిట్టలేదు.

"నీ తప్పేముందే? వాడి మాటలేవీ చెరిపెయ్యకు," అని, పక్కనే కూర్చుని అన్నీ పోలీసులకు పంపించింది.

సాయంత్రం స్నేహితురాలు సూఫియా దిగింది. అడక్కముందే, "మాది అత్తిలి మామ్మగారూ! పొద్దున పెసరట్టు తిన్నాను. అమ్మ వంటింట్లో ఉంది, పిలవనా?" అంది.

"ఉప్మా పెసరట్టేనా?" అని అడిగింది మేదిని, మామ్మకంటే ముందు.