కొత్త ఎల్ఈడీ

"ఇగ చూడు తాతా, అడవంతా పట్టపగలే!" టేకులపల్లిలో మెకానిక్ జానీ పాత టార్చికి కొత్త ఎల్ఈడీ బిగించి, దుకాణంలో చీకటి మూలకు కొట్టాడు. భీమక్క కళ్లు జిగేలుమన్నాయి.

తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరడానికి పోయే ఆమె మొగుడు దూలయ్య గంపలో, ఈ ఏడు పువ్వుకన్నా రాళ్లే ఎక్కువ. పాపం, ఆమె నెలనాళ్లుగా టార్చినే తిట్టిపోస్తోంది.

దూలయ్య టార్చి అందుకుని తన మొహం మీదికే తిప్పుకున్నాడు. రెప్ప వాల్చలేదు.

"ఏందిర జానీ, పాతదే పెట్టినవా? మిణుకు మిణుకుమంటాంది. గిట్లైతే పువ్వెట్ల ఏరాలె?"

జానీ నోరు తెరవబోయాడు. భీమక్క అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అవ్ బిడ్డా, మీ తాత చెప్పిందే నిజం. ఇంకా పెద్దదుంటే ఎయ్యి."

"ఇంతకన్న పెద్దది లేదవ్వా," అన్నాడు జానీ, తల వంచుకుని.