యాదికి ఒక టికెట్

నిజాం కాలంలో కట్టిన ఆ స్టేషన్లో రేపటి నుంచి రైలు ఆగదు. టికెట్లు అమ్ముడుపోవడం లేదని మూసేస్తున్నారు. కమీషన్ మీద టికెట్లమ్మే అనసూర్య కిటికీ దగ్గర దిగులుగా కూర్చుంది. ఆమెకు వేరే బతుకుతెరువు లేదు.

సదయ్య వచ్చాడు. సర్వీసంతా ఈ రైల్లోనే బొగ్గుబాయి డ్యూటీకి పోయిన మనిషి. ఏనాడూ టికెట్ కొనలేదు.

"రామగుండంకు ఒకటియ్యి బిడ్డా."

"ఇన్నేండ్లకు గుర్తొచ్చిందా కాకా? రైలు పోయి గంటాయె."

"ఎక్కెటందుకు కాదు, యాదికి. ఫ్రేము కట్టించి గోడకు పెడుత."

ఆ మాట బజారంతా పాకింది. సాయంత్రానికి ఊరు ఊరంతా కిటికీ ముందు వరుస కట్టింది. షిఫ్టు దిగినవాళ్లు మసి బట్టలతోనే వచ్చారు.

తెల్లారి పై ఆఫీసు నుంచి అనసూర్యకు ఫోను వచ్చింది. అమ్మకం బాగుంది కాబట్టి మూసివేత వాయిదా పడింది. ఇట్లాగే అమ్మితే స్టేషన్ ఉంటుందట.

ఆమె పరుగున వెళ్లేసరికి కబురు అప్పటికే ఊరికి చేరింది. కిటికీ ముందు నిన్నటికంటే పెద్ద వరుస. అనసూర్య కళ్లు చెమర్చాయి. టికెట్ల కట్ట విప్పింది.

అందరికంటే ముందున్న సదయ్య నిన్నటి టికెట్ కిటికీలో పెట్టాడు.

"స్టేషన్ మూస్తలేరంట గద బిడ్డా. ఇగ ఇదెందుకు, వాపస్ తీస్కో."