ముత్యాలప్ప ఆశ

“ఆ చేన్లో నేను కాలు పెట్టనుమా. ఇంకెవురినన్నా పంపించుకో” అన్నాడు శశికుమార్, గడప బయటే నిలబడి.

కదిరమ్మ కొడుకు మొహంలోకి చూసింది. లోపల మంచం మీద ముత్యాలప్ప గొంతులో గురక ఆగి ఆగి వస్తోంది. ఆగినప్పుడల్లా ఆమె ఊపిరీ ఆగుతోంది. మొగుడు మెతుకు ముట్టి తొమ్మిది రోజులైంది. ఇక ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరు చెప్పి కూడా వారం దాటింది. కళ్లు పైకప్పుకు అతుక్కుపోయాయి. ప్రాణం మాత్రం పోదు.

పోదంటే దేనిమీదో ఆశ ఉన్నట్టేనని పక్కింటి రామాంజినమ్మ తేల్చేసింది. ఊళ్లో అందరూ నమ్మే సంగతే అది. పోయే ప్రాణం దేన్ని పట్టుకుని వేలాడుతోందో, దాన్ని రవ్వంత నీళ్లలో కలిపి గొంతులో పోయాలి. అసలైనది తగిలితే, ఇది చాలనుకుని వెళ్లిపోతుంది. తగలకపోతే కదలదు. మొన్న బంగారం మీద ఆశేమోనని కదిరమ్మ ముక్కుపుడకను సానరాయి మీద అరగదీసి పోశారు. పోలేదు. నిన్న ఇంటి మీద ఆశేమోనని గోడ మన్ను గీకి, వాకిట మన్ను కలిపి పోశారు. పోలేదు. ఇక మిగిలింది చేనే. ఏడు బోర్లు వేసినా చెంబెడు నీళ్లివ్వని ఐదెకరాల చేను.

“యముడికి గూడా బోరు పాయింటు చూపిస్తాండాడేమో మీ నాయన, అందుకే లేటయితాంది” అని పొద్దున అరుగు మీద కూర్చున్న పొరుగింటి ముసలి తిమ్మన్న అన్నాడు. ఎవరూ నవ్వలేదు. శశికుమార్ ఒక్కడే నవ్వాడు. ఆ నవ్వు చూసి కదిరమ్మకు భయం వేసింది.

ఇంకెవరిని పంపాలి? మగవాళ్లంతా ఉపాధి పనికి పోయారు. తిమ్మన్నకు మోకాళ్లు లేవవు. మంచం వదిలి తాను పోతే, వచ్చేలోపు ఏమవుతుందో.

“పోయే మనిషి మీద పంతమేమిరా నాయనా” అంది.

“నాది పంతం కాదుమా, ఆయప్ప మాటే నేను నిలబెడతాండా. ఏడో బోరు వద్దని బోరు బండికి అడ్డం పండుకుంటే ఏమన్యాడు? ‘నువ్వు నా కొడుకువే కాదు. నా చేన్లో నీ కాలు పడితే నా పీనుగను తొక్కినట్టే’ అన్యాడా లేదా? ఆరేండ్లాయ. ఆ మాట వెనక్కి తీసుకున్యాడా?”

తీసుకోలేదు. ఆ ఆరేళ్లలో ముత్యాలప్ప ఇంట్లో ఒక్కనాడు కొడుకు పేరెత్తలేదు. కదిరమ్మ ఎత్తితే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. కళ్యాణదుర్గంలో ఆటో తోలుకునే శశికుమార్ తల్లితో మాట్లాడాలంటే రామాంజినమ్మ ఫోనుకు చేయాల్సిందే. ఇప్పుడు కబురు తెలిసి వచ్చి నాలుగు రోజులైంది. గడప దాటలేదు. తిండి అరుగు మీద, పడక ఆటోలో.

కదిరమ్మకు ఒకటి కాదు, వంద భయాలు. ఇలాగే ఇంకో పది రోజులు సాగితే వీపంతా పుండ్లు పడతాయేమో. కొడుకు విసుగెత్తి ఆటో ఎక్కి పోతాడేమో. పోతే కొరివి పెట్టేదెవరు? పోనీ మన్ను వచ్చి, అది తాగి మనిషి పోతే, మొగుణ్ణి తన చేత్తో సాగనంపిన పాపం తనకే చుట్టుకుంటుందేమో. ఇక ఆలోచించలేక వంగి కొడుకు కాళ్లు పట్టుకోబోయింది.

శశికుమార్ గబుక్కున వెనక్కి జరిగాడు. “సరే, మన్నే గదా కావాల. తెస్తా.”

ఆటో వీధి మలుపు తిరిగింది. చప్పుడు దూరమైపోయాక, వీడు అటునుంచి అటే కళ్యాణదుర్గం పోతున్నాడేమోనని ఇంకో భయం పట్టుకుంది. అరగంటకు వచ్చాడు. చేతిలో మూటగట్టిన రుమాలు. తల్లి మొహంలోకి చూడకుండా గడప మీద పెట్టాడు.

కదిరమ్మ గ్లాసు నీళ్లలో చిటికెడు మన్ను కలిపింది. నువ్వే పొయ్యమని కొడుకును బతిమాలింది. నా చేత్తో పోస్తే ఉమ్మేస్తాడని వాడు తల అడ్డంగా ఊపాడు. ఆమే చెంచాతో పోసింది. మొదటి చెంచా పెదవుల పక్క నుంచి కారిపోయింది. రెండోది గొంతు దిగింది. మూడోదానికి ముత్యాలప్ప చూపు పైకప్పు నుంచి మెల్లగా కిందికి దిగింది. పొడుగ్గా ఒక ఊపిరి వదిలాడు. కదిరమ్మ ఇంకో ఊపిరి కోసం ఎదురుచూసింది. రాలేదు.

రామాంజినమ్మ వచ్చి ముత్యాలప్ప కళ్లు మూసింది. చేను కోసమే ఇన్ని దినాలు పట్టుకొని ఉన్నాడని, తాను ముందే అనుకున్నానని చెప్పింది.

కదిరమ్మకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. నలభై ఏళ్లు వండి పెట్టింది. తన ముక్కుపుడకకు కదలని ప్రాణం చిటికెడు మన్నుకు కదిలింది. గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

“విన్యావా? ఆ మనిషికి నేనూ ఏమీ కాదు, నువ్వూ ఏమీ కాదు. పెండ్లామూ చేనే, కొడుకూ చేనే. సచ్చేటప్పుడు గూడా దాన్నే అడిగి తాగి పోయినాడు.”

శశికుమార్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ద్వారబంధం పట్టుకుని నిలబడినవాడు అలాగే జారి గడప మీద కూలబడ్డాడు. వీడికేమవుతోందోనని కదిరమ్మ భుజం పట్టి కుదిపింది. అప్పటికి నోరు తెరిచాడు.

“నేను చేనికాడికి పోనేలేదుమా. ఆయప్ప మీద కసితో, రోడ్డు పక్కన నిలబడి నా కాళ్ల కింద మన్ను తీసిచ్చినా.”