ముల్లున్న గుల్ల

"రేపటినుంచి నువ్వు ముసలమ్మల గుంటలోకి పో," అంది ఓక్‌చున్.

రాళ్ల దడి మధ్య చలిమంట చుట్టూ కూర్చున్న సముద్రంలో మునిగి గుల్లలు తీసే ఆడవాళ్లు తలలెత్తారు. జంగ్రాన్ రబ్బరు చొక్కా సగం తొడుక్కుని ఆగిపోయింది. ఆమెకి నలభై ఏడేళ్లు. జెజు దీవిలో ఆ ఒడ్డున, రాళ్ల మధ్య లోతులేని గుంటలోకి దిగేది డెబ్భై ఐదు దాటినవాళ్లు. అందులోకి పోయినవాళ్లు మళ్లీ లోతుకి రావడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

"నాకేమయిందని?"

"నిన్న పైకి తేలాక ఈల వేశావా? దగ్గావు. ఊపిరి ఈలగా వదల్లేనిదాన్ని లోతుకి తీసుకుపోయి, రేపు పీనుగుని మోసుకురమ్మంటావా?"

ఓక్‌చున్ వాళ్లందరికీ పెద్ద. ఆమె మాటకి ఎదురు చెప్పేవాళ్లు లేరు.

"డాక్టరు తగ్గడానికి మూడేళ్లు పడుతుందన్నాడు పెద్దక్కా. ఈ నెలతో నిండాయి."

మూడేళ్ల కిందట జంగ్రాన్ ఒకప్పుడు రొమ్ముల్లో పెట్టించుకున్న సిలికాన్ సంచులు తీయించేసుకుంది. అవి పోతే జబ్బు పోతుందనుకుంది. సంచులు పోయాయి. పొద్దున్నే బిగుసుకుపోయే వేళ్లు, దువ్వెనకి కుచ్చులుగా వచ్చే జుట్టు, మాట మధ్యలో జారిపోయే మతి ఎక్కడికీ పోలేదు. ఏ ఆసుపత్రికి పోయినా రక్తం బాగుంది, ఫొటో బాగుంది అంటారు. బాగుపడుతోందో లేదో తెలుసుకోవడానికి ఆమెకి మిగిలిన కొలత సముద్రం ఒక్కటే.

"ఆ సంచులున్నప్పుడే నయం పిల్లా," అంది మన్సెంగ్ అవ్వ బోసినోటితో. ఎనభై రెండేళ్ల మనిషి. "బెండులా తేలేదానివి. నిన్ను ముంచడానికి నడుముకి ఇంకో సీసపు బిళ్ల కట్టాల్సొచ్చేది."

అందరూ నవ్వారు. జంగ్రాన్ నవ్వలేదు.

"మా గుంటలోకి రావే. అలలుండవు, గొడవుండదు. మీ లోతు రాళ్ల దగ్గర అలల దెబ్బకి గుల్లలకి ముళ్లు మొలుస్తాయి. మా గుంటలోవి బోడివి. మాలాగే."

"నేను రాను అవ్వా. పెద్దక్కా, ఇవాళ ఒక్కరోజు చూడు. రెండు కిలోలు తెస్తే లోతులోనే ఉంచు. తేకపోతే నువ్వు చెప్పక్కర్లేదు, నేనే పోతా."

ఓక్‌చున్ మంటలోకి పుల్ల తోసింది. "నీ చేత్తో తీసినవేనా?"

"నా చేత్తోనే."

తక్కువ దొరికినవాళ్ల సంచిలో ఎక్కువ దొరికినవాళ్లు నాలుగు గుల్లలు వేసిపోవడం అక్కడి అలవాటు. అందుకే జంగ్రాన్ చుట్టూ వేలు చూపించి మరీ చెప్పింది.

"నా వలసంచిలో ఎవరైనా ఒక్క గుల్ల వేశారో, పళ్లు రాలగొడతా!"

"నాకా భయం లేదులే," అంది మన్సెంగ్ అవ్వ.

ఈసారి జంగ్రాన్ కూడా నవ్వింది.

నీళ్లు చల్లగా ఉన్నాయి. మొదటి మునకలో రాయి అందింది. రెండో మునకలో రాయి అందేలోపే ఊపిరి అయిపోయింది. చుట్టూ మిగతావాళ్లు తేలుతూ ఈలలు వేస్తున్నారు. ఆమె ఊపిరి దగ్గుగానే బయటికి వచ్చింది. మళ్లీ మునిగింది. ఇనప కొక్కెంతో ఏదో పెకలించింది, సంచిలో వేసింది. ఇది నాలుగో మునకా, ఐదోదా? లెక్క జారిపోయింది. మొదటినుంచి లెక్కపెట్టుకుంది. అదీ జారిపోయింది. పోనీ, ఎన్నయితే అన్ని.

పాక్కుంటూ ఒడ్డుకి చేరింది. రాళ్లమీదే బోర్లా పడి ఉప్పునీళ్లు కక్కింది. అప్పటికే గుంటలోంచి వచ్చేసిన మన్సెంగ్ అవ్వ, ఇంకో ఇద్దరు ముసలమ్మలు వచ్చి ఆమె వలసంచి పట్టుకున్నారు.

"నేను మోస్తా," అంది జంగ్రాన్.

"ముందు నిన్ను నువ్వు మోసుకో," అంది అవ్వ.

జంగ్రాన్ కళ్లు మూసుకుంది. ఎంతసేపు పడుకుందో తెలియదు. తెరిచేసరికి ఆమె గుల్లలు గంపలో ఉన్నాయి. ఎండ తగలకుండా పైన తడి నాచు కప్పి ఉంది.

ఓక్‌చున్ గంపని కాటా కొక్కేనికి తగిలించింది. ముల్లు చూసింది. గంప దింపి మళ్లీ తగిలించింది.

"గంపా నాచూ తీసేసినా రెండు కిలోలు దాటింది," అంది.

అందరూ ఒక్కసారే అరిచారు. ఓక్‌చున్ ఆమె వీపుమీద ఒక్కటి చరిచింది.

"పొద్దున్న ఏడింటికి. మాతోనే. ఆలస్యమయితే వదిలేసి పోతా."

జంగ్రాన్ గట్టిగా ఏడ్చింది. మూడేళ్లలో మొదటిసారి నొప్పి లేకుండా ఏడ్చింది. "తగ్గిందే అవ్వా! డాక్టరు చెప్పినట్టే, మూడేళ్లకి తగ్గింది!"

"తగ్గింది తల్లీ," అంది మన్సెంగ్ అవ్వ మంటవైపు చూస్తూ.

"ఏం అవ్వా, మీ సంచులేవి?" అని అడిగింది ఓక్‌చున్.

"ఖాళీ. గుంటలో సముద్రం ఇవాళ నిద్రపోయింది." మిగతా ఇద్దరు ముసలమ్మలు తలలూపారు.

"పాపం," అంది జంగ్రాన్. "ఉండండి, నావి కాల్చి మీ ముగ్గురికీ పెడతా."

"వద్దే! మాకు పళ్లేవి?"

"మెత్తగా తరిగి పెడతాగా."

"ఆ నాచు తీయకే పిల్లా, ఎండిపోతాయి..."

జంగ్రాన్ అప్పటికే నాచు కిందికి చెయ్యి పెట్టింది. గుల్ల నున్నగా తగిలింది. పక్కది తడిమింది. అదీ నున్నగానే. దాని పక్కదీ. ముగ్గురు ముసలమ్మలూ తలలు దించుకుని చలిమంట కాచుకుంటున్నారు. ఆమె గంప అడుగుదాకా వేళ్లు పోనిచ్చి ఒక్కొక్కటే తడుముకుంటూ పోయింది.

పదిహేడు గుల్లల్లో వేలికి గుచ్చుకున్నది ఒక్కటే.