బుధవారం కాలు

డ్రైవరు లేని బస్సు చౌరస్తాలో మీదికొచ్చి ముగ్గురి కుడికాళ్లు తీసేసింది. ఒక ప్రమాదానికి ఇంతే ఇస్తామని బీమా కంపెనీ గీసిన హద్దులో ముగ్గురికీ కలిపి ఒక్క యంత్రపు కాలే వచ్చింది. ఎవరి రోజున వాళ్లకే కదిలేలా దానికి తాళం వేశారు. సోమ, మంగళవారాలు కూరగాయలమ్మే రాజవ్వవి. బుధ, గురువారాలు పక్కింటి ఓదేలువి. శుక్ర, శనివారాలు దర్జీ జబ్బార్‌వి. ఆదివారం చార్జింగు. మనిషికి మూడోవంతు కాలు చాలని లెక్క కట్టినవాణ్ణి తలచుకుంటేనే రాజవ్వకు ఒళ్లు మండేది.

ఆ బుధవారం తెల్లవారుజామున ఓదేలు చనిపోయాడు. రాజవ్వ అలవాటుగా కాలు ఇచ్చిపోదామని కర్ర పట్టుకొని వచ్చేసరికి వాకిట్లో శవం పక్కనే జబ్బార్ కూర్చొని, బీమా కంపెనీ మనిషి నిలబడి ఉన్నారు.

"ఓదేలన్న రోజులు మా ఇద్దరికి పంచుతరా సారూ?" అని అడిగింది.

"కుదరదమ్మా. ఆయన వాటా ఆయనతోనే పోయినట్టు."

రాజవ్వ జబ్బార్ వైపు చూసింది. అతను తలూపి, ఓదేలు పంచె పక్కకు జరిపాడు. ఇద్దరూ కలిసి కాలిని శవానికి తొడిగి పట్టీలు బిగించారు. పచ్చదీపం వెలిగి, మోకాలు మెల్లగా వంగింది.

"అది కంపెనీ ఆస్తి. కాలిపోతే మీకు ఇంకోటి రాదు," అన్నాడు కంపెనీ మనిషి కంగారుగా.

"ఇయ్యాల బుధారం సారూ, కాలు ఆయనది," అంది రాజవ్వ. " రాసింది మీరే గద. రేపు రాత్రిదాక ఆయనదే. శుక్రారం పొద్దుగాల కాటికొచ్చి బూడిదల దేవులాడుకో."