పెద్దయినాక

నంద్యాల బస్టాండులో జీవమ్మ ఆరేళ్ల కూతురు లూదియాను చంకనేసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కింది.

పుట్టినప్పటి నుంచీ ఆ పిల్లకు కాళ్లు బిగుసుకుపోయే ఉన్నాయి. చేతిలో ముద్ద నిలవదు. మాట ఇంకా రాలేదు.

"కర్నూలు అవిటి పిల్లల హాస్టలోళ్లు రేపే చేర్చుకుంటామన్నారు. వదిలేసొద్దాం. పెద్దయినాక ఎవురు మోస్తారు?" అన్నాడు మొగుడు శాంతయ్య, పొద్దున ఇంట్లో బయల్దేరేటప్పుడు.

"ఆళ్లగడ్డలో సంజీవయ్యని ఒకాయప్పకు ఇదే జబ్బంట. అంగడి పెట్టుకోని బతుకుతాండాడంట. ఒక్కసారి చూసొస్తా. ఆ తర్వాత నీ ఇష్టం" అంది జీవమ్మ. ఈరోజు వస్తానని చర్చిలో పాటలు నేర్పే కృపావరం చేత సంజీవయ్యకు వారం ముందే పదిహేను పైసల కార్డు కూడా రాయించింది.

బస్సు కదలబోతుంటే యాభై యేళ్ల మనిషి ఒకడు తూలుతూ ఎక్కాడు. కమ్మీ పట్టుకోబోయి ఎవరి మీదో పడ్డాడు.

"పొద్దున్నే ఏసినావేందప్పా?"

బస్సంతా నవ్వింది.

ఆ మనిషి లూదియాను చూశాడు. వచ్చి జీవమ్మ పక్కనే కూలబడ్డాడు. పెదవి మీద చొంగ తుడుచుకుంటూ ఏదో అన్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

లూదియా మాత్రం ఆయన వేలు పట్టుకుని కిలకిలా నవ్వింది.

జీవమ్మ చప్పున పిల్ల చెయ్యి లాగేసింది.

"ఓ కండక్టరన్నా! తాగినోన్ని తెచ్చి నా పక్కన కూర్చోబెడతావా? దించు ముందు!"

"దిగప్పా, దిగు. నువ్వు దిగిందాకా బస్సు కదల్దు."

ఆయన జీవమ్మకేసి చూస్తూ మళ్లీ ఏదో చెప్పబోయాడు. మెడ నరాలు పొంగాయి. మాట పెగిలేలోగా ఇద్దరు రెక్కలు పట్టుకుని దించేశారు.

ఆళ్లగడ్డలో అంగడికి తాళం వేసి ఉంది. వెనక ఇంటి వాకిట్లో సంజీవయ్య వదిన మణెమ్మ బియ్యం చెరుగుతోంది.

"కార్డు రాయించింది నువ్వేనా? అయ్యో, మా మరిది నీకాడికే పాయ గదమ్మా!"

"నాకాడికా?"

"ఆ. బిడ్డను మోసుకోని తల్లి ఎందుకు రావాల, నేనే పోయి కనపడొస్తానని తొలి బస్సుకే నంద్యాలకు పాయ. మీ ఇంట్లో నువ్వు లేవని తెలిస్తే వెంటనే తిరుక్కోని రావల్ల."

"ఇంకా రాలేదా అక్కా?"

"యాడొస్తాడు! వయసులో నయముండె. ఈ నాలుగేండ్ల నుంచి కాళ్లు తూలుతాండాయి, నాలుక తిరగల్యా. తాగినాడనుకోని ఈపొద్దు గూడా యాడ దించేసినారో ఏమో."