తలాపున కూర్చున్నావిడ

"హాచ్!"

ఆపరేషన్ గది గుమ్మంలో మొగుడు తుమ్మిన ఆ ఒక్క తుమ్ముకి ఆమె గుండె జారిపోయింది.

"జలుబు ఉన్నవాళ్ళు లోపలికి రాకూడదండీ," అంది నర్సు.

"జలుబు కాదు సిస్టర్, దుమ్ము..." అంటూనే ఆయన ఇంకోటి తుమ్మాడు.

ఇన్నాళ్ళూ నిక్షేపంగా తిరిగి, సరిగ్గా ఇవాళే జలుబు తెచ్చుకున్నాడు మహానుభావుడు!

ఆమెకిది రెండో కాన్పు. ఇదీ ఆపరేషనే. మొదటిసారి కళ్ళకి అడ్డంగా తెర, చేతులకి గుడ్డ కట్లు. పుట్టిన బిడ్డను అత్తగారు చూసింది, ఆడపడుచు చూసింది, పక్క మంచం వాళ్ళ చుట్టాలు కూడా చూసి ముక్కు ఎవరి పోలికో తేల్చేశారు. కన్నతల్లికి మాత్రం అందరి తర్వాత చూపించారు. ఆ కడుపుమంట ఆమెకు ఇప్పటికీ చల్లారలేదు.

అందుకే ఈసారి పట్టుబట్టింది. డాక్టరమ్మ బిడ్డ తల, భుజాలు బయటికి తెచ్చాక, మిగతాది తనే చేతులారా పైకి తీసి గుండెలకి హత్తుకోవాలి. అడిగిన తల్లులకి ఈ ఆసుపత్రిలో అలా చేయిస్తారు. కాకపోతే షరతుంది. డాక్టర్లలాగే మోచేతుల పైదాకా తోముకుని, గ్లౌజులు తొడుక్కుని, ఆ చేతులు గుండెల మీద పరిచిన గుడ్డ మీదే ఉంచాలి. ముక్కుకో తెరకో ఒక్కసారి తగిలాయా, ఇంక అంతే, బిడ్డను వాళ్ళే తీస్తారు. అందుకని తలాపున ఓ మనిషి కూర్చుని కాపలా కాయాలి.

ఆ మనిషే ఇప్పుడు గుమ్మం బయట తుమ్ముతున్నాడు.

"పోనీ మా అత్తగారు..."

"ఆవిడ రక్తం మాట వింటేనే కుర్చీ వెతుక్కుంటోంది. కంగారు పడకమ్మా, మనిషిని పిలిపించాం."

వచ్చినావిడ వయసులో పెద్దదే. టోపీ, మాస్కూ పోగా కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కళ్ళలో నవ్వన్న మాటే లేదు.

పలకరింపు లేదు. తలాపున కూర్చుని, మోచేతుల పైన రెండు జబ్బలూ పట్టుకుంది.

"మరీ అంత గట్టిగానా సిస్టర్?"

"కదపకు."

నడుములో ఇచ్చిన సూది అప్పటికే పనిచేస్తోంది. కాళ్ళు తనవి కాకుండా పోయాయి. ముందు తెర, పైన దీపం. తనకంటూ మిగిలినవి రెండు చేతులు. వాటినీ ఈవిడ పట్టుకుంది.

"పోయినసారి గుడ్డతో కట్టారు, ఈసారి మనిషితో కట్టించారు," అంది ఆమె.

తెర అవతల ఎవరో నవ్వారు. ఈవిడ నవ్వలేదు.

ముక్కు దురద మొదలైంది. రాక రాక ఇప్పుడే రావాలా!

"సిస్టర్, ముక్కు..."

ఆవిడ వంగి గీరింది.

"ఎడమవైపు. అబ్బా, ఇంకాస్త పైన."

గీరి, మళ్ళీ జబ్బ పట్టుకుంది.

"కొంచెం ఆలస్యమవుతుందమ్మా," అంది డాక్టరమ్మ తెర వెనకనుంచి. "పాత కుట్ల దగ్గర అతుక్కుని ఉంది."

ఆమెకు కడుపులో తిప్పింది. ఒళ్ళంతా చెమట పట్టింది. చేతులు వాటంతటవే నోటి మీదకి లేవబోయాయి. ఆవిడ జబ్బలు పట్టి రెండింటినీ గుడ్డ మీదే అదిమేసి, తన చెంపతో ఆమె తలను పక్కకి తిప్పింది. మత్తు డాక్టరు గిన్నె పట్టాడు.

"వదలండి! ఊపిరాడట్లేదు. నాకేం వద్దు, బిడ్డను మీరే తీసేయండి!"

"వదలను."

"నా చేతులు, నా ఇష్టం!"

"కాసేపు నావనుకో."

ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"మీకేం పోయిందండీ? కన్నతల్లి బాధ మీకేం తెలుసు!"

పట్టు ఒక్క క్షణం సడలింది. మళ్ళీ బిగిసింది.

"తెలీదులే తల్లీ. చేతులు మాత్రం కదపకు."

ఏం మనిషిరా బాబూ! రాతి మనిషి. ఆమె పళ్ళు బిగబట్టి తెరవైపు చూస్తూ ఉండిపోయింది.

తెర కిందికి దిగింది.

"ఇప్పుడు నీ వంతు అమ్మా," అంది డాక్టరమ్మ. "చంకల కింద పట్టుకో. మెల్లగా... నీ వైపుకి."

జబ్బల మీద పట్టు వదిలింది. ఆమె చేతులు చాచింది. తడిగా, వెచ్చగా, జారిపోతున్నట్టున్న ఒళ్ళు వేళ్ళకి తగిలింది. లాగింది. వచ్చింది! గుండెల మీదకి చేరి కేరుమంది కూతురు.

"నా తల్లే! నా బంగారు తల్లే! అందరికన్నా ముందు నేనే చూశాను నిన్ను!"

ఆ సంతోషంలో తల వెనక్కి తిప్పి, "చూశారా సిస్టర్!" అంది. అక్కడ స్టూలు ఖాళీగా ఉంది.

సాయంత్రం డాక్టరమ్మ వార్డుకి వచ్చింది. ఆమె బిడ్డను పొదివి పట్టుకునే అడిగింది.

"ఆ సిస్టర్ ఎక్కడండీ? నోటికొచ్చినట్టు అనేశాను. ఆవిడ వదిలేసి ఉంటే ఇది నా చేతికి వచ్చేదే కాదు. బిడ్డను ఆవిడ ఒళ్ళో పెట్టి, తప్పయిందని చెప్పాలి."

"వెళ్ళిపోయింది. బిడ్డ ఏడుపు వినగానే వెళ్ళిపోతుంది. ఆగమంటే ఆగదు."

"డ్యూటీ అయిపోయిందా?"

"డ్యూటీ ఏమిటమ్మా, ఆవిడ మా ఆసుపత్రి మనిషే కాదు. తోడు లేని తల్లి ఉందని కబురు పెడితే వస్తుంది."

డాక్టరమ్మ వంగి పసిదాని పిడికిలి విప్పి చూసింది.

"తన బిడ్డను తన చేతుల్తోనే తీసుకుంటానని ఇక్కడ మొట్టమొదట అడిగింది ఆవిడే. రూలు ఒప్పుకోదన్నాం. ఊపిరితో ఉన్న ఆ కాసేపూ ఆవిడ బిడ్డ మా చేతుల్లోనే ఉంది."